చుక్క గుండ్రంగా రాకపోతే

తెలుగులో ఆకాశంలోని నక్షత్రానికీ, వాకిట్లో ముగ్గుకు ముందు పెట్టే పిండి బిందువుకూ ఒకటే మాట: చుక్క. టెలిస్కోపుకు కెమెరా బిగించి రాత్రంతా మేడ మీద కూర్చునే వాళ్ల కష్టమంతా ఈ మాటలోనే ఉంది. ముగ్గులో చుక్క కాస్త సాగినా గీతలో కలిసిపోతుంది. ఫొటోలో నక్షత్రం సాగితే దాచడానికి చోటుండదు. మధ్యలో నీహారిక ఎంత రంగులీనినా, చుట్టూ ఉన్న వందలాది చుక్కలు కోడిగుడ్లలా, కామాలలా, చిన్న చిన్న తోకచుక్కలలా కనిపిస్తే చూసేవారి కళ్లు అక్కడే ఆగిపోతాయి.

రెండు శీతాకాలాల పాటు నేను అలాంటి గుడ్లే పొదిగాను. అందులో మొదటిది పూర్తిగా తప్పు స్క్రూ తిప్పుతూ గడిచిపోయింది. చుక్క వంకరపోవడానికి అరడజనుకు పైగా కారణాలున్నాయి. అయితే ఏ కారణం వేసే ముద్ర దానిదే. ఆ ముద్రను చదవకుండానే రెంచి చేతపట్టడం మనలో చాలామందికి అలవాటు.

నక్షత్రం ఇంత కఠినమైన పరీక్ష ఎందుకయిందో చూడండి. ఓరియన్ భుజం మీద ఎర్రగా మెరిసే ఆర్ద్ర భూమి నుంచి అతి పెద్దగా కనిపించే నక్షత్రాలలో ఒకటి. అయినా దాని కోణీయ వ్యాసం ఒక ఆర్క్ సెకనులో ఇరవయ్యో వంతు దగ్గరే ఉంటుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు, పాత గణితంలో వికళ అన్నది ఇదే. మన దగ్గరుండే ఏ టెలిస్కోపుకైనా నక్షత్రం కేవలం బిందువు. కాబట్టి ఫొటోలో చుక్కకు ఏ ఆకారం వచ్చినా అది నక్షత్రానిది కాదు. గాలి, అద్దం, కటకం, ఇరుసు, వదులైన మర, వీటిలో ఏదో ఒకటి ఇచ్చిన ఆకారం.

లెక్క కోసం చాలామంది మొదట కొనే పరికరాన్నే తీసుకుందాం: 150 మిల్లీమీటర్ల అద్దం, 750 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి ఫోకస్ దాకా దూరం) ఉన్న న్యూటోనియన్ రకం అద్దాల టెలిస్కోపు. నాభ్యంతరం అద్దం వెడల్పుకు ఐదు రెట్లు, అంటే ఎఫ్/5. దాని వెనుక 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా. పిక్సెల్ కొలతను 206తో గుణించి నాభ్యంతరంతో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు ఒక ఆర్క్ సెకను చోటును చూస్తుందని తేలుతుంది. మైదాన ప్రాంతంలో మామూలు రాత్రి గాలి కదలికలే చుక్కను రెండు నుంచి నాలుగు ఆర్క్ సెకన్ల వెడల్పుకు ఉబ్బిస్తాయి. అది అన్ని వైపులా సమానంగా ఉబ్బుతుంది కాబట్టి చుక్క గుండ్రంగానే ఉంటుంది. దాని మీద ఒకే దిశలో మరో ఒకటిన్నర, రెండు ఆర్క్ సెకన్ల జారుడు కలిసిందా, గుడ్డు తయారవుతుంది.

ఈ సన్నటి గీత మీద, టెలిస్కోపును మోస్తూ ఆకాశం వెంట తిప్పే మౌంటు ఎంత నిలకడగా నడవాలో ఊహించండి. భూభ్రమణం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజరులో అది 4500 ఆర్క్ సెకన్లు, అంటే రెండున్నర పున్నమి చంద్రుళ్ల వెడల్పు జరుగుతుంది. అంత దూరం వెంటాడుతూ మౌంటు ఒక్క ఆర్క్ సెకను కూడా తప్పకూడదు. అసలు ఒక్క చుక్క అయినా గుండ్రంగా వస్తోందంటేనే నాకు ఆశ్చర్యం.

ముందు మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: తక్కువ ఎక్స్‌పోజరులో కూడా వంకర ఉందా? కెమెరా గెయిన్ పెంచి రెండు సెకన్ల ఫ్రేములు పది తీయండి. ఒక్కటే తీస్తే గాలి కదలిక మోసం చేస్తుంది, అందుకే పది. వాటిలో చుక్కలు గుండ్రంగా ఉండి, మూడు నిమిషాల ఫ్రేములో సాగితే తప్పు కదలికది. అద్దాల జోలికి వెళ్లనక్కర్లేదు. రెండు సెకన్లలోనూ సాగి ఉంటే తప్పు కాంతి మార్గంలో ఉంది. ఎంత మంచి మౌంటు కొన్నా అది పోదు.

రెండో ప్రశ్న: వంకర ఫ్రేము అంతటా ఒకేలా ఉందా, మూలల్లోనే ఉందా, ఒక పక్కే ఉందా? ఫ్రేములోంచి నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యభాగాలు, నడి మధ్య కలిపి తొమ్మిది ముక్కలు కత్తిరించి పక్కపక్కన పెట్టుకోవాలి. ఉచితంగా దొరికే నీనా, ఆస్టాప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇలాంటి విశ్లేషణ చేసిపెడతాయి. అంతటా ఒకే దిశలో సాగితే కదలిక, లేదా కాలిమేషన్, అంటే అద్దాలను ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా సర్దడంలో తప్పు. నాలుగు మూలలూ సమానంగా చెడితే కెమెరాకూ దాని ముందున్న కటకానికీ మధ్య దూరం. ఒక మూల చెడి, ఎదురు మూల బాగుంటే వాలు, అంటే సెన్సర్ కాంతికి సూటిగా కాకుండా ఒక పక్కకు ఒరిగి ఉండడం.

మూడో ప్రశ్న వాలు ఉన్నప్పుడే అవసరం: కెమెరాను 180 డిగ్రీలు తిప్పితే ఆ చెడు మూల ఎటు పోయింది? దీని సంగతి కాసేపట్లో చెబుతాను.

నా మొదటి శీతాకాలం ఎలా పోయిందో ఇప్పుడు ఒప్పుకోవచ్చు. హైదరాబాద్ శివారులో మా మేడ మీద నుంచి ఓరియన్ నీహారికను తీస్తున్నాను. ఫ్రేము అంతటా చుక్కలు ఒకే దిశలో సాగాయి. ఎవరో కాలిమేషన్ అన్నారు, నేను నమ్మాను. ప్రతి శనివారం అద్దాల మరలు తిప్పడం, మర్నాడు ఫొటో చూసి నిట్టూర్చడం. ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి వేరే పని కోసం రెండు సెకన్ల ఫ్రేములు తీశాను. చుక్కలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. రెండు నెలలుగా నేను మందు వేస్తున్నది జబ్బు లేని అవయవానికి.

ధ్రువం ఇక్కడ కిందికి ఉంటుంది

మౌంటు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. దాన్నే పోలార్ అలైన్‌మెంటు అంటారు. చాలా పాఠాల్లో దీన్ని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టడంగా చెప్పి వదిలేస్తారు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు. దానికి సుమారు 0.6 డిగ్రీల దూరంలో, చంద్రబింబం వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఎడంగా, రోజుకో చుట్టు తిరుగుతూ ఉంటుంది. నేరుగా దానికే గురిపెడితే చుక్కలు గరిష్ఠంగా నిమిషానికి దాదాపు 10 ఆర్క్ సెకన్లు ఉత్తరానికో దక్షిణానికో జారతాయి. గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క: అలైన్‌మెంటులో ఒక్కో ఆర్క్ నిమిషం (డిగ్రీలో 60వ వంతు) తప్పుకూ, నిమిషానికి గరిష్ఠంగా పావు ఆర్క్ సెకను పైచిలుకు జారుడు.

మన అక్షాంశాల్లో దీనికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి. హైదరాబాద్ 17.4 డిగ్రీలు, విశాఖ 17.7, తిరుపతి 13.6. ధ్రువం దిక్చక్రం మీద సరిగ్గా అంతే ఎత్తులో ఉంటుంది. అంటే ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనుక, ఊరి దుమ్ములో. పైగా అంత కింద వాతావరణ వక్రీభవనం నక్షత్రాన్ని సుమారు మూడు ఆర్క్ నిమిషాలు పైకెత్తి చూపిస్తుంది.

అంతకంటే మొరటు సమస్య ఒకటుంది. యూరప్‌లో 50 డిగ్రీల అక్షాంశం దగ్గర మౌంటు ఇరుసు బాగా పైకి లేచి ఉంటుంది కాబట్టి ఎదురు బరువుల కడ్డీ ట్రైపాడ్‌కు దూరంగా, ముందుకు వాలి వేలాడుతుంది. మన దగ్గర ఇరుసు దాదాపు పడుకునే ఉంటుంది. కడ్డీ నిట్టనిలువుగా దిగి, అర్ధరాత్రి ఎప్పుడో ట్రైపాడ్ కాలికి తగులుతుంది. తగిలిన క్షణం నుంచి చుక్కలు గీతలవుతాయి. ఉత్తరం వైపు కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా ట్రైపాడ్‌ను తిప్పి నిలబెట్టడం, లేదా మౌంటు కింద పొడుగు గొట్టం వేయడం దీనికి మందు. అమ్మకపు పెట్టెలో వచ్చే కాగితంలో నాకు ఈ సంగతి కనిపించలేదు.

ధ్రువ నక్షత్రం కనిపించకపోయినా దారి ఉంది. ఆకాశంలో ఏదో ఒక భాగాన్ని మౌంటును కొద్దికొద్దిగా తిప్పుతూ మూడుసార్లు ఫొటో తీసి, నక్షత్రాల స్థానాలను బట్టి ఇరుసు ఎటు తప్పిందో లెక్కగట్టే పద్ధతి నీనాలో ఉంది. సాఫ్ట్‌వేర్ లేని కాలపు పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. నడినెత్తి గీతకూ ఖగోళ మధ్యరేఖకూ దగ్గరున్న నక్షత్రం ఒకటి చూసి, అది ఉత్తరానికో దక్షిణానికో జారితే మౌంటును కుడి ఎడమలకు సర్దాలి. తర్వాత తూర్పున గానీ పడమర గానీ కిందుగా ఉన్న నక్షత్రాన్ని చూసి ఎత్తు సర్దాలి. అరగంట పని.

అరగంటకు మించి మాత్రం వద్దు. ఇక్కడ నాది కాస్త భిన్నాభిప్రాయం. గైడింగ్ చేస్తున్నవారు, అంటే ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటును ఎప్పటికప్పుడు సరిదిద్దుతున్నవారు కూడా ఐదు ఆర్క్ నిమిషాల తప్పు మిగిలిందని అర్ధరాత్రి దాకా మరలు తిప్పడం చూశాను. ఐదు ఆర్క్ నిమిషాల తప్పు ఉంటే ఓరియన్ వంటి మధ్యరేఖ దగ్గరి లక్ష్యం మీద, ఐదు నిమిషాల ఎక్స్‌పోజరులో, గైడు నక్షత్రానికి ఒక డిగ్రీ దూరంలో ఉన్న చుక్క కూడా పదో వంతు ఆర్క్ సెకను చుట్టూ మాత్రమే జరుగుతుంది. ఎవరి కంటికీ కనిపించదు. ధ్రువానికి దగ్గరి లక్ష్యాలకు, గైడింగ్ లేకుండా తీసేవారికి మాత్రం ఆ పట్టుదల అవసరమే.

గైడు గీత బాగుంది, చుక్క బాగాలేదు

మౌంటులోని పళ్ల చక్రాలు ఎంత బాగా కోసినా సరిగ్గా గుండ్రంగా ఉండవు. చవక మౌంట్లలో ఎనిమిది, పది నిమిషాలకోసారి తిరిగే పురి చక్రం వల్ల గురి పదుల ఆర్క్ సెకన్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీన్ని అణచడానికే గైడింగ్: పక్కన మరో చిన్న టెలిస్కోపు, దానికో కెమెరా, ఒక నక్షత్రం మీద చూపు నిలిపి అది కదిలినప్పుడల్లా మౌంటుకు ఆజ్ఞ పంపే సాఫ్ట్‌వేర్.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం పథకానికి దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీశాయి. అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. ఆ కాలంలో ఎక్స్‌పోజర్ నడిచినంతసేపూ గైడు టెలిస్కోపులో కన్ను పెట్టి, నక్షత్రాన్ని అడ్డగీతల మీద చేత్తో నిలిపేవారు. గాజు పలకల మీద చుక్కల స్థానాలను సూక్ష్మదర్శినితో కొలవాలి కాబట్టి చుక్క సాగితే అందం పోవడంతో సరిపోదు, కొలతే తప్పిపోతుంది. ఆ వేధశాల ఉండిన బేగంపేట వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

గైడింగ్ సాఫ్ట్‌వేర్ చివర్లో ఇచ్చే సగటు తప్పును చూసి చాలామంది సంతోషిస్తారు. చూడాల్సింది మొత్తం కాదు, రెండు ఇరుసుల మధ్య తేడా. తూర్పు పడమరల ఇరుసులో 0.9 ఆర్క్ సెకన్లు, ఉత్తర దక్షిణాల ఇరుసులో 0.9 ఉంటే చుక్క లావవుతుంది గానీ గుండ్రంగా ఉంటుంది. ఒకదానిలో 1.2, మరోదానిలో 0.5 ఉంటే అంకె బాగున్నట్లే అనిపించి చుక్క గుడ్డవుతుంది. తూర్పు పడమరల్లో ఎక్కువైతే బరువుల తూకం చూడాలి. తూర్పు వైపు రవ్వంత బరువు ఎక్కువ ఉంచితే పళ్లు ఒకదానికొకటి ఆనుకుని నడుస్తాయి. ఉత్తర దక్షిణాల్లో గురి అటూ ఇటూ తూలుతుంటే పళ్ల మధ్య వదులు కారణం. గైడు కెమెరా ఎక్స్‌పోజరును అర సెకనుకు తగ్గించి మౌంటు చేత గాలి కదలికలను వెంటాడించడం మరో పొరపాటు. పళ్ల చక్రాల మౌంట్లకు రెండు, మూడు సెకన్లు నయం. కొత్తగా వస్తున్న, స్ట్రెయిన్ వేవ్ అనే మరో రకం యంత్రాంగంతో నడిచే మౌంట్ల సంగతి వేరు. వాటి ఊగుడు వేగంగా ఉంటుంది కాబట్టి గైడు కూడా వేగంగా ఉండాలి.

నా కథకు వస్తే, గైడు గీత నున్నగా, సగటు 0.7 దగ్గర ఉంది. చుక్కలు మాత్రం సాగుతున్నాయి. చివరికి ఫ్రేముల మధ్య గురిని కావాలని జరిపే డిథరింగ్‌ను ఆపేసి, రెండు గంటల్లో నలభై ఫ్రేములు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు, తీశాను. మొదటి ఫ్రేములోనూ చివరి ఫ్రేములోనూ ఒకే నక్షత్రం ఎక్కడుందో చూస్తే అరవై పిక్సెళ్ల తేడా. ఫ్రేముకు ఒకటిన్నర చొప్పున, ఎప్పుడూ ఒకే దిశలో. గైడు టెలిస్కోపు తన నక్షత్రాన్ని కదలకుండానే పట్టుకుంది. కదిలింది గైడు టెలిస్కోపే. దాన్ని పట్టుకున్న రింగుల మరలకు ప్లాస్టిక్ మొనలున్నాయి. టెలిస్కోపు ఆకాశంలో దిశ మారుస్తున్నకొద్దీ బరువు ఒక మొన మీద నుంచి మరో మొన మీదికి మారి అవి మెల్లగా నలిగిపోతున్నాయి. ఇంత పెద్ద నేరస్థుడు చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క.

లోహపు బిగింపులు వేశాక జారుడు దాదాపు పోయింది. నాభ్యంతరం ఇంకా పెరిగితే, మీటరు దాటితే, ప్రధాన టెలిస్కోపు కాంతిలోంచే చిన్న అద్దంతో కాస్త పక్కకు తీసి గైడు కెమెరాకు ఇచ్చే ఆఫ్ యాక్సిస్ గైడర్ పెట్టుకోవడమే మేలు. రెండు గొట్టాలు లేనప్పుడు వాటి మధ్య తేడా కూడా ఉండదు. వేలాడే కేబుళ్లు, మేడ పలక మీద అడుగుల అదురు, గాలి కూడా ఇలాంటి గుడ్లే పెడతాయి. అవి ఎప్పుడో ఒక ఫ్రేములో వస్తాయి, ప్రతి ఫ్రేములో రావు.

అద్దాలు, వాటిని కొలిచే అబద్ధాలు

రెండు సెకన్ల ఫ్రేములో కూడా చుక్క వంకరగా ఉంటే అప్పుడు అద్దాల వంతు. న్యూటోనియన్‌లో గుండ్రటి పరావలయ అద్దం తన నడిమధ్యలో మాత్రమే చుక్కను చుక్కగా చూపిస్తుంది. ఎఫ్/5లో ఆ మంచి చోటు మూడు మిల్లీమీటర్ల లోపు వృత్తం. దాని బయట ప్రతి చుక్కకూ బయటి వైపు తోక మొలుస్తుంది. అందుకే కోమా కరెక్టర్ అనే కటకం పెడతాం. అద్దాలు సరిగ్గా ఎదురెదురుగా లేకపోతే ఆ మంచి వృత్తం సెన్సర్ మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. అప్పుడు మధ్య చుక్కలకే తోక వస్తుంది, దూరపు మూలలో తోక మరీ పొడవవుతుంది. ఏ వైపు తోకలు పొట్టిగా ఉన్నాయో చూస్తే కాంతి అక్షం అటు తప్పుకున్నట్లు.

సరిచేసే వరుస అందరికీ తెలిసిందే: చిన్న అద్దం ఫోకసర్ (కెమెరాను పట్టి ఫోకస్ సర్దే గొట్టం) కింద మధ్యకు, తర్వాత చిన్న అద్దం వాలు, చివర ప్రధాన అద్దం వాలు. చిక్కు వరుసతో కాదు, పనిముట్టుతో. లేజర్ కాలిమేటర్ కొనగానే అది చెప్పిందే వేదం అనుకుంటాం. ఫోకసర్‌లో పెట్టి దాన్ని దాని అక్షం మీద తిప్పి చూడండి. ఎర్ర చుక్క ఒకేచోట నిలవకుండా వృత్తం గీస్తే లేజరే వంకర.

ఇది అమెచ్యూర్లకు మాత్రమే జరిగే అవమానం కాదు. 1990 ఏప్రిల్‌లో పైకి వెళ్లిన హబుల్ టెలిస్కోపు నుంచి వచ్చిన మొదటి నక్షత్రాలకు చుట్టూ మసక వలయాలున్నాయి. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర కావలసినదాని కంటే సుమారు 2.2 మైక్రాన్లు చదునుగా అరిగింది. అద్దాన్ని అరగదీసినవారు కొలత ప్రకారం అద్భుతంగా అరగదీశారు. ఆ కొలిచే పరికరంలోనే ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉంది. అంతకంటే ముతక పరీక్షలు తేడా చూపించినా, మంచి పరికరం బాగుందంటోంది కదా అని వాటిని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సవరణ అద్దాలు బిగించి వచ్చారు. మన లేజరుకు అంత దూరం వెళ్లక్కర్లేదు, కానీ కథ అదే.

అందుకే చివరి తీర్పు నక్షత్రానిదే కావాలి. ప్రకాశమైన నక్షత్రాన్ని ఫ్రేము మధ్యకు తెచ్చి ఫోకస్ కాస్త తప్పించండి. గారెలాంటి వలయం కనిపిస్తుంది. నడుమ చిల్లు ఒక పక్కకు జరిగి ఉంటే ప్రధాన అద్దం మరను ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి చూడాలి. ఎక్కువైందా, వెనక్కి తిప్పాలి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 18 అద్దాలను 2022 మొదట్లో సర్దినప్పుడు కూడా శాస్త్రవేత్తలు ఒకే నక్షత్రం తాలూకు 18 వేరువేరు చుక్కలను, ఫోకస్ తప్పిన బొమ్మలను చదివి అద్దాలను ఒక్కటి చేశారు.

ఒక పక్కమాట. చుక్కలు త్రికోణంగా వస్తుంటే వాలుతో పని లేదు. ప్రధాన అద్దాన్ని పట్టుకున్న మూడు బిగింపులు గట్టిగా నొక్కుతున్నాయి. బిగింపుకూ అద్దానికీ మధ్య కాగితం దూరేంత సందు వదిలితే సరిపోతుంది. చలి రాత్రుల్లో కటకపు టెలిస్కోపుల్లోనూ లోహపు చట్రం ముడుచుకుని కటకాన్ని ఇలాగే నొక్కేస్తుంది.

వెంట్రుక కంటే సన్నని వాలు

నా రెండో శీతాకాలం మూలల్లో గడిచింది. ఈసారి మధ్య బాగుంది, కింది కుడి మూల మాత్రం చెడింది.

ఫోకస్ అంటే ఒక తలం కాదు, పలుచటి పొర. ఆ పొర లోపల ఉన్నంతవరకూ చుక్క బాగానే ఉంటుంది. దాని మందం ఎఫ్ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. ఎఫ్/7 దగ్గర సుమారు 108 మైక్రాన్లు. ఎఫ్/5 దగ్గర 55. ఎఫ్/2.8 దగ్గర 17. ఎఫ్/2 వేగపు టెలిస్కోపుల్లో 9 మైక్రాన్ల లోపు. మనిషి వెంట్రుక 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఏపీఎస్-సీ సెన్సర్ మూల నుంచి మూలకు 28 మిల్లీమీటర్లు. అది డిగ్రీలో పదో వంతు వాలితే రెండు మూలల మధ్య ఎత్తు తేడా 49 మైక్రాన్లు. ఎఫ్/7 వారికి అది లెక్కలోకే రాదు. ఎఫ్/5లో పొర మొత్తాన్నీ తినేస్తుంది. ఎఫ్/2లో ఫొటోను నాశనం చేస్తుంది. వేగమైన టెలిస్కోపు కొంటే వెలుగుతో పాటు ఈ తలనొప్పిని కూడా ఎక్కువ కొన్నట్టే.

వాలునూ, దూరం తప్పునూ వేరుచేయడానికి నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి ఫోకస్ మోటారుతో చేసేది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక్కో మూల ఏ అంకె దగ్గర అన్నింటికంటే పదునుగా ఉందో రాసుకోండి. నాలుగు మూలలూ ఒకే అంకె దగ్గర కలిసి, మధ్య మాత్రం వేరే అంకె చెబితే వంపు ఉంది, అంటే దూరం తప్పు. ఎడమ ఒక అంకె, కుడి మరో అంకె చెబితే వాలు. నా మోటారు ఒక్కో అడుగుకు నాలుగు మైక్రాన్లు జరుగుతుంది. పై ఎడమ మూలకూ కింది కుడి మూలకూ తేడా పన్నెండు అడుగులు వచ్చింది. నలభై ఎనిమిది మైక్రాన్లు. అంకె చేతికొచ్చాక సగం భయం పోతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. కెమెరాను విప్పకుండా దాని ముందున్న రింగు వదులు చేసి 180 డిగ్రీలు తిప్పండి. చెడు మూల ఫొటోలో అదే మూలలో ఉంటే వాలు కెమెరాతో పాటు తిరిగింది, కాబట్టి అది కెమెరాలోనో దాని ముందు అడాప్టరులోనో ఉంది. ఎదురు మూలకు పోతే అది టెలిస్కోపుతోనే ఉండిపోయింది: ఫోకసర్ వంగుతోంది, లేదా గొట్టంలో సరిగ్గా కూర్చోలేదు. నాది ఎదురు మూలకు పోయింది. కెమెరా ముందు వాలు పలక కొనాలని అప్పటికే సిద్ధపడ్డాను. కొని ఉంటే ఒక తప్పును మరో తప్పుతో సరిపెట్టేవాడిని, టెలిస్కోపు మరో వైపు తిరగగానే రెండూ కలిసి వేధించేవి. కోమా కరెక్టర్‌ను రెండు మరలతో నొక్కి పట్టే చోట, మర బిగించేకొద్దీ అది ఒక పక్కకు వాలుతోంది. మరలకు బదులు చుట్టూ పురులతో బిగిసే అడాప్టర్ వేశాక పన్నెండు అడుగుల తేడా నాలుగుకు దిగింది.

దూరం తప్పు దీనికంటే సులువు. చాలా కరెక్టర్లు, ఫ్లాట్‌నర్లు (ఫోకస్ వంపును చదును చేసే కటకాలు) తమ వెనుక 55 మిల్లీమీటర్ల దూరంలో సెన్సర్ ఉండాలని కోరతాయి. ఈ అంకె ఎస్ఎల్ఆర్ కెమెరాల నుంచి వచ్చింది. కానన్ కెమెరాలో సెన్సర్ ముందు 44 మిల్లీమీటర్ల లోతు, దాని మీద 11 మిల్లీమీటర్ల రింగు. మధ్యలో ఫిల్టరు పెడితే గాజు కాంతిని ఆలస్యంగా కలుపుతుంది కాబట్టి దాని మందంలో మూడో వంతు దూరం కలపాలి. రెండు మిల్లీమీటర్ల ఫిల్టరుకు 0.7. మూలల్లో చుక్కలు మధ్యకు గురిపెట్టినట్టు సాగితే సెన్సర్ దగ్గరైందనీ, మధ్య చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు సాగితే దూరమైందనీ ఒక వాడుక సూత్రం ఉంది. అన్ని కటకాలకూ అది వర్తించదు. అందుకే అర మిల్లీమీటరు వాషర్లు వేస్తూ తీస్తూ ఫ్రేములు పోల్చుకోవడమే నమ్మకమైన దారి. ఒక నియమం: వాలు తీరకముందే దూరం సర్దడం మొదలుపెట్టవద్దు. రెండూ కలిసిన ముద్రను చదవడం ఎవరికైనా కష్టమే.

సాఫ్ట్‌వేర్‌తో దిద్దవచ్చు కదా అని అడుగుతారు. దిద్దవచ్చు. బ్లర్ ఎక్స్‌టెర్మినేటర్ వంటి యంత్రాభ్యాస పనిముట్లు గుడ్డును చూసి చక్కని గుండ్రటి చుక్కను తిరిగి ఇస్తాయి. నేనూ వాడతాను. కానీ చుక్క సాగినప్పుడు దాని వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకుని పలుచబడుతుంది. ప్రకాశమైన చుక్కలకు ఫర్వాలేదు. మసక చుక్కలూ, గెలాక్సీ చేతుల్లోని సన్నని దుమ్ము పాయలూ నాయిస్‌లో కలిసిపోతాయి. కలిసిపోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. పైగా చివరి ఫొటోను చూసి సంతోషపడితే తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యాన్ని మనమే చెరిపేసుకున్నట్లు. ముడి ఫ్రేములను మాత్రం దిద్దకుండా దాచుకోండి.

మార్చి చివరి వారం కాబట్టి ఓరియన్ ఇప్పుడు చీకటి పడగానే పడమటికి వాలుతోంది. నిన్న రాత్రి తీసిన తొమ్మిది ముక్కల బొమ్మ నా ముందుంది. ఎనిమిది ముక్కల్లో చుక్కలు ముగ్గు చుక్కల్లా ఉన్నాయి. కింది కుడి మూలలో మాత్రం, మిగిలిన నాలుగు అడుగుల వల్ల, పదహారు మైక్రాన్ల వల్ల, కాస్త కోడిగుడ్డు వాసన ఇంకా పోలేదు. ఆ మూలకు సంబంధించిన మర ఏదో తెలుసు. వర్షాలు వచ్చేలోపు దాన్ని ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడాలి.